సాటర్డే నైట్ ఫీవర్: మనం తిప్పి వినని నాలుగో సైడు

పోయిన దసరాకి విశాఖ వెళ్ళినప్పుడు అత్తయ్య అటక మీంచి ఒక అట్టపెట్టె దింపించింది. "మీ మామయ్య రికార్డులు నాన్నా. నువ్వు పట్టుకెళ్తావా? ఇక్కడుంటే చెదలు పట్టేస్తాయి" అంది. చిన్న మామయ్య పోయి నాలుగేళ్ళయింది. మర్చంట్ నేవీలో ఇంజన్ రూమ్ ఉద్యోగం, ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదే. పెట్టెలో పాతిక దాకా ఎల్‌పీలున్నాయి. నేను వెతికింది మాత్రం ఒక్కదాని కోసమే. అడుగున దొరికింది. తెల్ల సూటులో చెయ్యి పైకెత్తి నిలబడ్డ హీరో జాన్ ట్రవోల్టా, తెల్లబట్టల్లో బీజీస్ అనే పాటల బృందంలోని అన్నదమ్ములు ముగ్గురూ. 'సాటర్డే నైట్ ఫీవర్' అనే హాలీవుడ్ సినిమా పాటల ఆల్బమ్. 1978లో ఓడ సింగపూర్‌లో ఆగినప్పుడు కొన్నానని మామయ్య చెప్పేవాడు.

రెండు రికార్డులు, నాలుగు సైడ్లు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుని చూశాను. మొదటి సైడు అరిగి బూడిదరంగుకి తిరిగింది. సన్న గీతలు, వేలిముద్రలు, ఒకచోట సూది జారిన పొడవాటి గాటు. రెండో సైడూ మూడో సైడూ ఫరవాలేదు. నాలుగో సైడు మాత్రం కొబ్బరినూనె రాసి దువ్విన జడలా నల్లగా మెరుస్తోంది. దాని మీద సూది ఎన్నోసార్లు తిరగలేదని చూడగానే తెలిసిపోతోంది.

ఆ మెరుపు చూసినప్పటి నుంచీ ఈ వ్యాసం నా బుర్రలో తిరుగుతోంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఒకటైన దీన్ని జనం మొదటి సైడు దగ్గరే ఆపేశారు. డిస్కో గుండెకాయ నాలుగో సైడులో ఉంది. దాన్ని వినకపోవడం వల్ల కొందరికి రావలసిన పేరు రాలేదు. ఆ సంగీతాన్ని తగలబెట్టడం కూడా తేలికైపోయింది.

ముందు నా సంగతి. మేం కాకినాడలో ఉండేవాళ్ళం. నేను ఏడో తరగతిలో ఉండగా మామయ్య సెలవులకి వచ్చి, తన టేప్‌ డెక్‌లో అరవై నిమిషాల క్యాసెట్ ఒకటి రికార్డు చేసిచ్చాడు. ఒక వైపు అమ్మ అడిగిన ఘంటసాల పద్యాలు. రెండో వైపు నాకోసం ఈ ఆల్బమ్ పాటలు. బీజీస్ పాడినవన్నీ, దాంతోపాటు ఇవాన్ ఎలిమన్ పాడిన 'ఇఫ్ ఐ కాంట్ హావ్ యు'. మొత్తం ఏడు. టేపు సాగి గొంతులు వంకర తిరిగేదాకా విన్నాను. ఆల్బమంటే ఆ ఏడు పాటలేనని ముప్ఫై ఏళ్ళకి పైగా అనుకున్నాను. అందులో 17 ట్రాకులున్నాయని, పది మంది దాకా వేర్వేరు కళాకారులు, బృందాలు ఉన్నాయని ఆ అట్టపెట్టె దిగేదాకా నేను పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో దీని ఊపు ఎంతటిదో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. 1977 నవంబర్‌లో ఆల్బమ్ వచ్చింది, డిసెంబర్‌లో సినిమా. 1978 జనవరి నుంచి జూలై దాకా వరసగా 24 వారాలు అమెరికా బిల్‌బోర్డు ఆల్బమ్ చార్టులో మొదటి స్థానం. బ్రిటన్‌లో 18 వారాలు. ఇందులోంచి నాలుగు పాటలు విడివిడిగా అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి: 'హౌ డీప్ ఈజ్ యువర్ లవ్', 'స్టేయిన్ అలైవ్', 'నైట్ ఫీవర్', 'ఇఫ్ ఐ కాంట్ హావ్ యు'. 1979లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ కూడా దీనికే వచ్చింది. ఆ నాలుగు నంబర్ వన్ పాటలూ మొదటి సైడులోనే ఉన్నాయి. మామయ్య రికార్డు అరిగిన తీరుకీ, జనం విన్న తీరుకీ తేడా లేదు.

మొదటి సైడుని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అది పుట్టిన తీరే ఒక అద్భుతం. 1977లో బీజీస్ ఫ్రాన్స్‌లో, పారిస్‌కి దగ్గర్లో షాటో దెరూవిల్ అనే పాత కోటలో ఉన్న స్టూడియోలో పని చేసుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళింది ఒక లైవ్ ఆల్బమ్‌ని మిక్స్ చేయడానికి, కొత్త ఆల్బమ్ పాటలు మొదలుపెట్టడానికి. వాళ్ళ మేనేజర్ రాబర్ట్ స్టిగ్‌వుడ్ ఫోన్ చేసి, ఒక సినిమా తీస్తున్నాను పాటలు కావాలన్నాడు. అన్నదమ్ములు స్క్రిప్టు చదవకుండానే, తాము రాసుకుంటున్న పాటల్లోంచి ఇచ్చారు. డిస్కో సినిమాకి రాస్తున్నామన్న లెక్క వాళ్ళకి లేదు. 'హౌ డీప్ ఈజ్ యువర్ లవ్' అసలు డిస్కో పాటే కాదు. రాత్రి లైట్లార్పి వినాల్సిన పాట అది. సినిమా షూటింగ్‌లో ట్రవోల్టా డాన్స్ చేసింది కూడా వేరేవాళ్ళ పాటలకి. బీజీస్ పాటలు తర్వాత చేరాయి.

'స్టేయిన్ అలైవ్' దరువు సంగతి నాకు మరీ ఇష్టం. పాట రికార్డింగ్ టైముకి వాళ్ళ డ్రమ్మర్ డెనిస్ బ్రయన్ ఇంట్లో ఎవరో చనిపోయి ఆయన వెళ్ళిపోవాల్సి వచ్చింది. మరో డ్రమ్మర్ దొరకలేదు. అప్పుడు నిర్మాణం చూస్తున్న ఆల్బీ గలూటెన్, కార్ల్ రిచర్డ్‌సన్ ఒక పని చేశారు. అప్పటికే రికార్డయిన 'నైట్ ఫీవర్' పాటలోంచి రెండు బార్ల (రెండు తాళావర్తాల) డ్రమ్స్ ముక్క తీసుకుని, ఆ టేపుని కోసి, రెండు కొసలూ అతికించి వలయంలా చేశారు. పొడవాటి టేపు కాబట్టి మెషిన్‌లో ఇమడదు. దాన్ని బయటికి లాగి, మైక్ స్టాండ్ చుట్టూ తిప్పి మళ్ళీ మెషిన్‌లోకి పంపారు. గానుగెద్దులా ఆ ముక్క తిరుగుతూనే ఉంటుంది, అదే దరువు వస్తూనే ఉంటుంది. ఇవాళ ల్యాప్‌టాప్‌లో పదేళ్ళ పిల్లవాడు చేసే లూప్‌ని వాళ్ళు కత్తెర, అతుకు టేపుతో చేశారు. అట్ట మీద డ్రమ్మర్ పేరు వెయ్యాలి కదా, బెర్నార్డ్ లూప్ అని ఒక లేని మనిషి పేరు వేశారు. అదే ముక్క ఇదే సైడులోని 'మోర్ దాన్ ఎ ఉమన్'లో కూడా ఉంది. మూడేళ్ళ తర్వాత గాయని బార్‌బ్రా స్ట్రైశాండ్ పాడిన 'ఉమన్ ఇన్ లవ్'లో మళ్ళీ వాడారు.

ఆ పాటని సంబరాల పాటగా గుర్తుపెట్టుకోవడం కూడా సగం వినడమే. ట్రవోల్టా నడక కళ్ళ ముందు ఆడుతుంటే మాటలు చెవికెక్కవు. చివర్లోకి వెళ్ళండి. నేనెక్కడికీ చేరట్లేదు, ఎవరైనా సాయం చెయ్యండి అని మొరపెట్టుకుంటాడు బీజీస్ ముగ్గురిలో పెద్దవాడు బ్యారీ గిబ్. బతికుండటమే గొప్పగా ఉన్న మనిషి పాట అది. మా ఆఫీసులో గుండె ఆగినవాళ్ళకి ప్రాణం పోసే సీపీఆర్ ట్రైనింగ్ పెట్టినప్పుడు, ఈ పాట మనసులో పాడుకుంటూ ఛాతీ నొక్కమని నేర్పారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ఈ పాట వేగం 103 దగ్గర ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని ప్లాస్టిక్ బొమ్మ గుండె నొక్కుతుంటే నాకు ఆ చివరి మొర గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఇక రెండో సైడు. మొదట వచ్చే 'ఎ ఫిఫ్త్ ఆఫ్ బీథోవెన్', అంటే బీథోవెన్ అయిదో సింఫనీకి వేసిన డిస్కో వేషం, 1976లో నంబర్ వన్ అయిన పాటే కానీ, రెండుసార్లు వింటే సరిపోతుంది. మూడో సైడు మొదట్లో రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ సంగీతానికి, ఈ సినిమాకి నేపథ్య సంగీతం చేసిన డేవిడ్ షైర్ వేసిన డిస్కో వేషం కూడా అంతే. తెర మీద బొమ్మ లేకపోతే నిలబడదు.

కానీ రెండో సైడులో రెండో పాట దగ్గర ఆగాలి. అది 'మోర్ దాన్ ఎ ఉమన్'. మళ్ళీ అదే పాట, ఈసారి పాడింది టవారెస్. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌కి చెందిన అన్నదమ్ముల బృందం, కేప్ వెర్డీ దీవుల నుంచి వచ్చిన కుటుంబం. ఒకే ఆల్బమ్‌లో ఒకే పాట రెండుసార్లు. ఒక తెల్ల అన్నదమ్ముల గొంతులో, ఒక నల్ల అన్నదమ్ముల గొంతులో. పక్కపక్కన పెట్టి వినండి. బీజీస్ గొంతులు నేల మీద కాళ్ళు ఆనకుండా గాల్లో తేలుతుంటాయి. ఆ అమ్మాయి వాళ్ళకి కలలో కనిపిస్తోందనిపిస్తుంది. టవారెస్ గొంతులు కింది స్థాయిలో, ఛాతీలోంచి వస్తాయి. అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది, చెయ్యి అందుకుంటున్నాడు. దరువు కూడా లూప్ కాదు, మనుషులు వాయించింది. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. పది మందిని అడిగితే తొమ్మిది మందికి రెండోది ఉందనే తెలియదు.

బీజీస్ ఈ సంగీతాన్ని నల్లవాళ్ళ దగ్గర దొంగిలించారని అనేవాళ్ళున్నారు. నేనలా అనను. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పుట్టి, మాంచెస్టర్‌లో పెరిగి, ఆస్ట్రేలియాకి వలస వెళ్ళి, 1967లో మళ్ళీ ఇంగ్లాండ్ వచ్చిన కుర్రాళ్ళు వాళ్ళు. 1973, 74 నాటికి వాళ్ళ పాటలు పెద్దగా ఎవరికీ పట్టడం లేదు. 1975లో మయామీ వెళ్ళి, టర్కీలో పుట్టిన ఆరిఫ్ మార్దిన్ అనే గొప్ప నిర్మాత దగ్గర పని చేశారు. అమెరికా నల్లవాళ్ళ సోల్ సంగీతపు లోతుపాతులు తెలిసిన మనిషి ఆయన. ఒక పాటలో శ్రుతి తప్పకుండా అరవగలవా అని బ్యారీని ఆయన అడిగితేనే ఆ ఫాల్సెట్టో, అంటే ఆ సన్నని హెచ్చుస్థాయి గొంతు, బయటపడింది. బ్యారీ రోజూ స్టూడియోకి కారులో వెళ్ళేదారిలో ఒక వంతెన ఉంది. దాని అతుకుల మీద టైర్లు చేసే 'చక చక చక' శబ్దం గమనించమని భార్య లిండా చెప్పింది. 'జైవ్ టాకిన్' దరువు అక్కడ పుట్టింది. గోదావరి బ్రిడ్జి మీద రైలు చప్పుడుకి తాళం వేస్తూ పెరిగినవాడిని, ఈ సంగతి తెలిశాక ఆ పాట నాకు ఇంకా దగ్గరైంది. నేర్చుకోవడం దొంగతనం కాదు. పైగా ఈ డబుల్ ఆల్బమ్‌లో వాళ్ళకి పాఠం చెప్పినవాళ్ళ సంగీతం కూడా ఉంది. సూది అక్కడిదాకా వెళ్ళలేదు, అంతే.

నాలుగో సైడులో మూడే ట్రాకులు. 'సాల్సేషన్', 'కె-జీ', 'డిస్కో ఇన్‌ఫెర్నో'. మొదటిది సినిమా కోసం డేవిడ్ షైర్ చేసిన లాటిన్ బాణీ. మిగిలిన రెండూ ఫిలడెల్ఫియావి. ఆ ఊరి గురించి కొంచెం చెప్పాలి.

ఫిలడెల్ఫియాలో సిగ్మా సౌండ్ అని ఒక స్టూడియో. కెన్నీ గాంబుల్, లియోన్ హఫ్ అనే ఇద్దరు నల్లజాతి నిర్మాతలు 1970లలో అక్కడ పాట తర్వాత పాట చేసి దేశం మీదికి వదిలారు. పాడేవాళ్ళు మారేవాళ్ళు కానీ వాయించేవాళ్ళు వాళ్ళే. ముప్ఫై మందికి పైగా ఉన్న ఆ వాద్యబృందమే ఎమ్‌ఎఫ్‌ఎస్‌బీ. మదర్ ఫాదర్ సిస్టర్ బ్రదర్ అని ఆ అక్షరాలకి అర్థం చెబుతారు. ఇక్కడి 'కె-జీ' వాయించింది వాళ్ళే. బ్రాస్ వాద్యాలన్నీ కలిసి ఒక్కసారి లేచి మళ్ళీ కూర్చుంటుంటే, పెళ్ళిలో గట్టిమేళం మొదలవగానే ఒళ్ళు ఝల్లుమంటుందే, అచ్చం అలా ఉంటుంది.

ఆ బృందంలో ఎర్ల్ యంగ్ అనే డ్రమ్మర్ ఉండేవారు. డిస్కో దరువు అని మనం అనుకునేది చాలావరకూ ఈయన చేతుల్లోంచి వచ్చింది. 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ది బ్లూ నోట్స్ వాళ్ళ 'ది లవ్ ఐ లాస్ట్' రికార్డు చేస్తున్నారు. నెమ్మదిగా సాగాల్సిన పాట. దాన్ని వేగం పెంచి, నాలుగు మాత్రలకీ పెద్ద డ్రమ్ము కొడుతూ, మాత్రకీ మాత్రకీ మధ్య హై-హాట్ తాళాలని 'త్స్' అని తెరిచి మూశారు ఎర్ల్ యంగ్. మన భజనల్లో మద్దెల దెబ్బకీ దెబ్బకీ మధ్య చిడతలు మోగి మనిషిని కూర్చోనివ్వవు చూడండి, ఆ పనే ఆ 'త్స్' చేస్తుంది. పెద్ద డ్రమ్ము కాలిని నేలకి దించుతుంది, హై-హాట్ మళ్ళీ లేపుతుంది. తర్వాత వచ్చిన డాన్స్ సంగీతం దాదాపు అంతా ఆ రెండింటి మధ్యే నడిచింది. ఆయన స్థాపించిన బృందాల్లో ఒకటి ట్రాంప్స్. 'డిస్కో ఇన్‌ఫెర్నో' వాళ్ళ పాట.

ఆల్బమ్‌లో ఆ పాట నిడివి దాదాపు 11 నిమిషాలు. 1976 చివర్లో మొదట వచ్చినప్పుడు డాన్స్ క్లబ్బుల్లో బాగా ఆడింది కానీ, అమెరికా పాప్ చార్టులో పెద్దగా పైకి రాలేదు. ఈ సినిమా పుణ్యమా అని 1978లో మళ్ళీ విడుదలై ఆ చార్టులో 11వ స్థానం దాకా వెళ్ళింది. రేడియోలకి వెళ్ళింది మాత్రం నాలుగు నిమిషాల్లోపుకి కోసిన ముక్క. ఇక్కడున్నది మొత్తం పాట. ఎత్తైన భవనం మంటల్లో చిక్కుకున్న ఒక సినిమా స్ఫూర్తితో రాశారట. పాటలోని మంట మాత్రం సంతోషపు మంట. జిమీ ఎలిస్ గొంతు చర్చిలో పాడినట్టు మొదలవుతుంది. మొదటి నాలుగు నిమిషాలు మామూలు పాటే. ఆ తర్వాత అసలు సంగతి మొదలవుతుంది. గొంతులు పక్కకి తప్పుకుంటాయి. బేస్, డ్రమ్స్, ఆర్గన్ మిగులుతాయి. ఒక్కో వాద్యం వచ్చి ఏదో చెప్పి వెళ్తుంది. ఏమీ జరగట్లేదని అనిపించే చోట, దరువు రవ్వంత బరువెక్కుతుంది. ఆరో నిమిషం దాటాక నా శ్వాస దానితో కలిసిందని నాకే తెలియలేదు. మళ్ళీ గొంతులు తిరిగొచ్చేసరికి, మధ్యలో వాళ్ళు ఎక్కడికో వెళ్ళి ఏదో చూసొచ్చినట్టుంటుంది.

ఇంత పొడవు ఎందుకు? న్యూయార్క్‌లో డేవిడ్ మన్కూసో 1970 నుంచి తన ఇంట్లోనే పెట్టిన లాఫ్ట్ పార్టీల్లో, ఆ తర్వాత వచ్చిన క్లబ్బుల్లో ఆడినవాళ్ళు ఎక్కువగా నల్లవాళ్ళు, లాటినోలు, గే కుర్రాళ్ళు. బయట వీధిలో చేతులు పట్టుకోవడానికి భయపడే మనుషులు. వాళ్ళకి మూడు నిమిషాల పాట సరిపోదు. భయం వదలడానికే అయిదు నిమిషాలు పడుతుంది. పాట పొడవు ఆడంబరం కాదు, అవసరం. రాత్రంతా హరికథ వినేవాళ్ళకి, తెల్లారేదాకా సంకీర్తన చేసేవాళ్ళకి ఈ సంగతి వివరించక్కర్లేదు.

లూప్ మీద నడిచే 'స్టేయిన్ అలైవ్'నీ, ఎర్ల్ యంగ్ కాళ్ళూ చేతులూ నడిపించే 'డిస్కో ఇన్‌ఫెర్నో'నీ ఒకే రోజు వింటే ఒక తేడా తెలుస్తుంది. మొదటిదాని దరువు ఎక్కడా మారదు. అందుకే ఆ పాటలో ఊపిరాడని బతుకు అంత బాగా పలికింది. రెండోదాని దరువు సాగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పుంజుకుంటుంది. మొదటి సైడు బతకడం గురించి. నాలుగో సైడులో మనుషులు నిజంగానే బతుకుతున్నారు.

సినిమా చివర్లో ఒక సన్నివేశం ఉంది. జనం ట్రవోల్టా సూటునీ దువ్వెననీ గుర్తుపెట్టుకున్నారు కానీ, దీన్ని మర్చిపోయారు. బ్రూక్లిన్‌లో పెయింట్ల షాపులో పనిచేసే టోనీ మనేరోకి క్లబ్బు డాన్స్ పోటీలో మొదటి బహుమతి వస్తుంది. అతనికన్నా ఒక ప్యూర్టోరికో జంట చాలా బాగా చేశారు. బహుమతి తనకి రావడానికి కారణం తను ఆ పేట కుర్రాడు కావడమేనని అతనికి అర్థమవుతుంది. ట్రోఫీ, డబ్బు తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టేస్తాడు. ఈ సినిమాకి ఆధారమైన 1976 నాటి పత్రికా కథనాన్ని నిక్ కోన్ చాలావరకూ కల్పించి రాశానని తర్వాత ఒప్పుకున్నాడు. కానీ ఆ ట్రోఫీ సన్నివేశంలో చెప్పింది మాత్రం కల్పన కాదు. గ్రామీ జాబితాలో ట్రాంప్స్ పేరు ఉంది, ఎమ్‌ఎఫ్‌ఎస్‌బీ పేరు ఉంది, టవారెస్ పేరు ఉంది. జనం నోట్లో మాత్రం ఇది బీజీస్ ఆల్బమ్. సినిమాలో హీరో చేసిన పనిని శ్రోతలం మనం చెయ్యలేదు.

దాని ఫలితం ఎలా ఉందో 1979 జూలై 12న షికాగోలో కనిపించింది. కొమిస్కీ పార్క్ స్టేడియంలో వైట్ సాక్స్, డెట్రాయిట్ టైగర్స్ జట్ల మధ్య రెండు బేస్‌బాల్ మ్యాచ్‌లు. స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ పిలుపిచ్చాడు: ఒక డిస్కో రికార్డు తెస్తే 98 సెంట్లకే టికెట్టు, మధ్యలో ఆ రికార్డులన్నీ పేల్చేద్దాం. యాభై వేల మంది దాకా వచ్చారు. మైదానం మధ్యలో రికార్డుల పెట్టెని బాంబుతో పేల్చారు. వేలమంది గడ్డి మీదికి దూకి నానా బీభత్సం చేశారు. రెండో మ్యాచ్ ఆడే పరిస్థితి లేక వైట్ సాక్స్ దాన్ని డెట్రాయిట్‌కి వదులుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు స్టేడియంలో సీట్లు చూపించే పని చేసిన ఒక నల్ల కుర్రాడు విన్స్ లారెన్స్. జనం తెచ్చి పడేసిన రికార్డుల్లో డిస్కో కాని రికార్డులు కూడా చాలా ఉన్నాయని, నల్లవాళ్ళు పాడినవైతే చాలు తెచ్చేశారని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. తెల్ల సూటు మీద విసుగు పుట్టిందన్నారు. కాల్చింది వేరేవాళ్ళ ఇల్లు. నాలుగో సైడు విని, ఆ దరువు వెనక ఎర్ల్ యంగ్ చేతులున్నాయని తెలిసి ఉంటే ఆ యాభై వేలమందిలో కొందరైనా ఇంట్లో ఉండిపోయేవాళ్ళని నా నమ్మకం. అది అమాయకత్వం అనిపించినా సరే, నేను నమ్ముతున్నాను. ముఖం తెలియని మనిషి వస్తువుని తగలబెట్టడం చాలా సులభం.

దరువు మాత్రం చావలేదు. అదే షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో డీజే ఫ్రాంకీ నకిల్స్ ఫిలడెల్ఫియా రికార్డులు తిప్పుతూనే ఉన్నారు. డిస్కోలోంచి పుట్టిన కొత్త డాన్స్ సంగీతానికి హౌస్ అనే పేరు ఆ క్లబ్బు పేరులోంచే వచ్చిందంటారు. 1984లో వచ్చిన మొదటి హౌస్ రికార్డుల్లో ఒకటైన 'ఆన్ అండ్ ఆన్' తయారు చేసినవాళ్ళలో, ఆ రోజు స్టేడియంలో సీట్లు చూపించిన విన్స్ లారెన్స్ ఉన్నారు. బీజీస్‌కి కూడా దెబ్బ తగిలింది. రేడియోలు వాళ్ళని పక్కన పెడితే, 1980లలో వేరేవాళ్ళకి పాటలు రాసిచ్చి నిలబడ్డారు. మంట వాళ్ళనీ వదల్లేదు.

మన దగ్గరికి డిస్కో ఇంకా చుట్టు తిరిగి వచ్చింది. 1982లో హిందీ 'డిస్కో డాన్సర్', దాన్నే తెలుగులో 1984లో బాలకృష్ణతో 'డిస్కో కింగ్'గా తీశారు. మెరిసే బట్టలు, తిరిగే గాజు బంతి, రంగురంగుల లైట్లు. పెళ్ళి ఊరేగింపుల్లో కూడా డిస్కో లైట్లు అనే మాట స్థిరపడిపోయింది. ఆ పాటలంటే నాకు ప్రేమే, వాటితోనే పెరిగాను. కానీ మన చెవిలో డిస్కో అంటే వేషమనే పడింది. దాని వెనక ఫిలడెల్ఫియాలో గంటల తరబడి వాయించే పనివాళ్ళున్నారని, న్యూయార్క్‌లో తలదాచుకునే చోటు వెతుక్కునే మనుషులున్నారని మనకి ఎవరూ చెప్పలేదు.

ఇక మామయ్య సంగతికి వస్తాను. హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక పాత ప్లేయర్ కొని, బెల్టు మార్పించి, నాలుగు సైడ్లూ వరసగా విన్నాను. మామయ్య కూడా అందరిలాగే మొదటి సైడు దగ్గర ఆగిపోయాడని రాయడానికి సిద్ధంగా ఉన్నాను. నాలుగో సైడుని మళ్ళీ కవర్‌లో పెడుతుంటే లోపల ఏదో అడ్డు తగిలింది. చిన్న కాయితం. ఓడ కంపెనీ లాగ్‌బుక్ లోంచి చింపింది. పెన్సిల్‌తో మామయ్య రాత. నా క్యాసెట్ లెక్క అది. ఏడు పాటల నిడివి వరసగా రాసి కూడాడు. దాదాపు 27 నిమిషాలు. కింద 30లోంచి తీసేస్తే 3. దాని కింద 'డిస్కో ఇన్‌ఫెర్నో 11' అని రాసి, కొట్టేసి, పక్కన తెలుగులో 'చోటు లేదు' అని రాసుకున్నాడు.

అంటే విన్నాడు. ఎన్నిసార్లో తెలియదు, రికార్డు మెరుపు చూస్తే ఎక్కువసార్లు కాదు. కానీ పన్నెండేళ్ళ మేనల్లుడికి ఏ పాటలు ఇవ్వాలా అని కూర్చుని లెక్కవేసినప్పుడు ఆ పాట పెట్టాలనే అనుకున్నాడు. పద్యాల వైపు ముట్టుకోవడానికి మా అమ్మ ఒప్పుకోదు. ఏడు పాటల్లో రెండు తీసేస్తే పట్టేది. తీసెయ్యడానికి అతనికి మనసొప్పలేదు. రేడియోవాళ్ళకి కూడా మనసొప్పి ఉండదు. చోటు ఎవరికి ముందు ఇచ్చామన్నదే లెక్క, తర్వాత వచ్చినవాళ్ళకి అది మిగలదు.

ఆ రాత్రే అత్తయ్యకి ఫోన్ చేశాను. కాయితం చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన ప్రతిదానికీ అలాగే లెక్కలేసేవారు. కూరగాయల సంచికీ లెక్కే" అంది. తర్వాత "ఏదీ, ఆ పాట పెట్టు" అంది. ఫోన్ స్పీకర్ పక్కన పెట్టి సూది దించాను. దాదాపు పదకొండు నిమిషాలు. మధ్యలో లైన్ ఉందో లేదోనని రెండుసార్లు తొంగి చూశాను, ఉంది. పాట అయిపోయింది. సూది చివరి గీతలో తిరుగుతోంది.

"అటు వైపు ఏముంది నాన్నా?" అంది అత్తయ్య.